వెండి: డబ్బు హోదా పోయాక మిగిలిందేమిటి?

ప్రపంచంలోని కేంద్ర బ్యాంకులన్నిటి దగ్గరా కలిపి దాదాపు 36 వేల టన్నుల బంగారం ఉంది. అవే బ్యాంకుల నిల్వల్లో వెండి మాత్రం చెప్పుకోదగినంత లేదు. రెండున్నర వేల ఏళ్లకు పైగా సైనికుల జీతాలు, రైతుల పన్నులు, సముద్రాల మీది వర్తకం చాలావరకు వెండితోనే నడిచాయి. బంగారం రాజుల కోశాగారాల్లోనూ పెద్ద వర్తకుల పెట్టెల్లోనూ ఉండేది. కూలి చేసుకుని సంతకు వెళ్లే మనిషి చేతిలో పడేది వెండి నాణెం. అంత చరిత్ర ఉన్న లోహాన్ని ప్రభుత్వాలు సుమారు వందేళ్ల వ్యవధిలో వదిలించుకున్నాయి. బంగారాన్ని మాత్రం, నోట్లకూ దానికీ సంబంధం తెగిపోయాక కూడా దాచుకుంటూనే ఉన్నాయి.

ఈ తేడాను పట్టించుకోకుండా వెండి ధర గురించి మాట్లాడితే లెక్క తప్పుతుంది. వెండిని కొనమని ప్రోత్సహించేవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: వెండే అసలైన డబ్బు, ఏదో ఒక రోజు దాని పాత విలువ దానికి తిరిగొస్తుంది అని. రాగి, జింక్‌లాగా అదీ ఒక ఫ్యాక్టరీ సరుకే అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు చట్టాలు చేసిన పనిని ప్రకృతి చేసిన పనిగా పొరబడుతున్నారు. రెండోవాళ్లు జనం జ్ఞాపకానికి మార్కెట్లో ఎంత బలం ఉందో గమనించడం లేదు. ఈ రెంటి మధ్యా వెండి ఎలా నలుగుతోందో తెలియాలంటే మొదటి నుంచీ చూడాలి.

కూలి డబ్బుకు సరిపోయిన లోహం

నాణేలు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే మెసొపొటేమియాలో వెండిని తూచి చెల్లింపులు చేసేవారు. షెకెల్ అనేది అప్పటికి ఒక తూకం, సుమారు 8.3 గ్రాములు. అప్పులు, జరిమానాలు, కౌళ్లు ఆ తూకంలోనే రాసుకునేవారు. తర్వాత లిడియాలో (ఇప్పటి టర్కీ పడమటి భాగం) బంగారం, వెండి కలిసిన సహజ మిశ్రమ లోహంతో నాణేలు వచ్చాయి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో అక్కడి రాజు క్రీసస్ కాలానికి బంగారు నాణేలు వేరు, వెండి నాణేలు వేరు అయ్యాయి.

వెండికే ఈ స్థానం ఎందుకు దక్కిందో ఏథెన్స్ ఉదాహరణతో సులువుగా తెలుస్తుంది. అక్కడి డ్రాక్మా నాణెంలో సుమారు 4.3 గ్రాముల వెండి ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో నైపుణ్యం ఉన్న పనివాడికి రోజు కూలి దాదాపు అంతే. అదే విలువకు బంగారం ఇవ్వాలంటే గ్రాములో మూడో వంతు సరిపోయేది. అంత చిన్న తునకను నాణెంగా అచ్చువేయడం కష్టం, చేతిలో నిలవడం ఇంకా కష్టం. రాగితో ఇస్తే కూలివాడు సంచి మోసుకుపోవాలి. ఆ రెంటికీ మధ్య సరిగ్గా కుదిరింది వెండి. తుప్పు పట్టదు. గాలిలోని గంధకం తగిలి పైన నల్లబడినా లోపల తరగదు. కరిగించి మళ్లీ పోతపోయవచ్చు, ముక్కలు చేయవచ్చు.

వెండి గనులు చేతిలో ఉన్న రాజ్యానికి ఎంత బలం వస్తుందో కూడా ఏథెన్స్‌లోనే కనిపిస్తుంది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియన్ గనుల్లో గొప్ప వెండి పొర బయటపడింది. ఆ సొమ్మును పౌరులకు తలా కొంత పంచాలని ఆలోచన వస్తే, థెమిస్టోక్లీస్ అనే నాయకుడు అడ్డుపడి యుద్ధనౌకలు కట్టించేలా ఒప్పించాడు. మూడేళ్లకు సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించింది ఆ ఓడలే.

వెండి నాణెం ఉంటే చాలు, ధరలు అదుపులో ఉంటాయి అనే నమ్మకం ఈనాటికీ చాలామందిలో ఉంది. చరిత్ర దాన్ని బలపరచదు. రోమ్‌లో అగస్టస్ కాలపు డెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో దాని బరువూ, స్వచ్ఛతా రెండూ తగ్గించాడు. ఆ తర్వాత వచ్చిన చక్రవర్తులు, సైనికుల జీతాలు పెంచాల్సి వచ్చినప్పుడల్లా నాణెంలో రాగి కలుపుతూ పోయారు. క్రీ.శ. 270 నాటికి వెండి నాణెం అని పిలిచే దానిలో వెండి 5 శాతం కూడా లేదు, పైపూత మాత్రమే మిగిలింది. ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ 1544లో మొదలుపెట్టిన కల్తీ కూడా ఇదే దారిలో నడిచింది. నోట్లు అచ్చువేసే యంత్రం లేకపోయినా, డబ్బు విలువ తగ్గించాలనుకున్న పాలకుడికి కొలిమి ఉంటే చాలు.

పొటొసి నుంచి బీజింగ్ దాకా

వెండి నిజంగా ప్రపంచమంతటి డబ్బు అయింది 16వ శతాబ్దంలో. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొటొసి కొండలో, మరుసటి ఏడాది మెక్సికోలోని జకటెకాస్‌లో భారీ నిక్షేపాలు దొరికాయి. మొదట్లో మేలైన ముడి ఖనిజాన్ని నేరుగా కొలిమిలో కరిగించేవారు. అది కొద్ది ఏళ్లలోనే తరిగిపోయింది. 1550లలో మెక్సికోలోని పచుకలో బార్తొలొమె దె మెదీనా పాదరసంతో వెండిని వేరుచేసే పద్ధతిని పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చాడు. దాంతో నాసిరకం ఖనిజం కూడా లాభసాటి అయింది. పెరూలోని వాన్కవెలికాలో పాదరసం గని దొరకడం స్పెయిన్‌కు మరింత కలిసొచ్చింది. ఆ గనుల్లో పని చేసింది ఎక్కువగా స్థానిక ఆదివాసులు, అదీ మిత అనే నిర్బంధ శ్రమ పద్ధతిలో. పాదరసం ఆవిరి పీల్చి, గనులు కూలి చనిపోయినవాళ్ల సంఖ్య చాలా పెద్దది. వెండి ఘనత గురించి మాట్లాడే ఎవరైనా ఈ సంగతిని దాటేయకూడదు.

అలా వచ్చిన వెండిలో కొంత యూరప్‌కు చేరి అక్కడ ధరలను ఒక శతాబ్దానికి పైగా నెమ్మదిగా పెంచుకుంటూ పోయింది. స్పెయిన్ వెండి నాణెంలో స్వచ్ఛత పెద్దగా తగ్గలేదు. జనాభా పెరగడం లాంటి కారణాలూ తోడైన మాట నిజమే. అయినా సరుకుల కన్నా వెండి వేగంగా పెరిగినప్పుడు వెండి విలువే పడిపోయింది. కల్తీ లేకుండా కూడా ద్రవ్యోల్బణం వస్తుందని లోకానికి స్పష్టంగా తెలిసిన సందర్భం ఇది.

యూరప్‌కు చేరిన వెండి అక్కడే ఆగలేదు, పెద్ద భాగం తూర్పుకు పోయింది. చైనాలో మింగ్ ప్రభుత్వం ముద్రించిన కాగితపు డబ్బు విలువ పోగొట్టుకోవడంతో, జనం వెండి ముద్దలను తూచి వాడుకోవడం మొదలుపెట్టారు. 16వ శతాబ్దం రెండో సగంలో రకరకాల పన్నులనూ వెట్టి సేవలనూ కలిపి, వెండి రూపంలో ఒకే చెల్లింపుగా మార్చే సంస్కరణ దేశమంతా వ్యాపించింది. అంత పెద్ద దేశం పన్ను వెండిలో కట్టమంటే డిమాండ్ ఎలా ఉంటుందో ఊహించవచ్చు. యూరప్‌లో ఒక పాలు బంగారానికి సుమారు 12 పాళ్ల వెండి వస్తుంటే, అప్పట్లో చైనాలో 6 నుంచి 8 పాళ్లే వచ్చేది. అంటే వెండిని ఓడలో చైనాకు తీసుకెళ్తే చాలు, దాని విలువ పెరిగిపోయేది. 1571లో స్పానిష్ పాలకులు మనీలాను స్థాపించాక, మెక్సికో రేవు అకపుల్కో నుంచి అక్కడికి వెండి ఓడలు నేరుగా నడిచాయి. తిరుగు ప్రయాణంలో పట్టు, పింగాణీ వచ్చేవి. ఈ దారి 1815 దాకా తెరిచే ఉంది.

ఆ వ్యాపారానికి ప్రాణం ఎనిమిది రియాళ్ల స్పానిష్ నాణెం. సుమారు 27 గ్రాముల బరువుతో, రెండు అమెరికాల్లోనూ, ఆసియా రేవుల్లోనూ చెల్లుబాటయింది. 1792లో అమెరికా తన డాలర్‌ను 371.25 గ్రెయిన్ల (సుమారు 24 గ్రాముల) స్వచ్ఛమైన వెండిగా చట్టంలో రాసుకున్నప్పుడు దగ్గర పెట్టుకున్న కొలత కూడా ఈ నాణేలే. 1857 దాకా స్పానిష్ నాణెం అమెరికాలో చట్టబద్ధంగా చెల్లింది. ఇప్పుడు డాలర్‌కు ఉన్న లాంటి స్థానం ఒకప్పుడు ఈ వెండి నాణేనికి ఉండేది.

చట్టం తీసేసిన హోదా

బంగారం, వెండి రెండూ డబ్బుగా చెలామణీ అయ్యే దేశంలో ప్రభుత్వం వాటి మధ్య నిష్పత్తి నిర్ణయించాలి. సమస్యంతా అక్కడే పుట్టింది. చట్టం ఒక నిష్పత్తి చెబుతుంది, బజారు ఇంకొకటి చెబుతుంది. బజారులో ఎక్కువ విలువ ఉన్న లోహాన్ని జనం కరిగించి దాచుకుంటారు లేదా విదేశాలకు పంపుతారు. తక్కువ విలువ ఉన్నది చెలామణీలో మిగులుతుంది. 1717లో ఇంగ్లండ్ టంకశాల అధిపతిగా ఉన్న ఐజాక్ న్యూటన్ నివేదిక మీద బంగారు గినీ విలువను 21 వెండి షిల్లింగులుగా ఖరారు చేశారు. బజారుతో పోలిస్తే అది బంగారానికి కాస్త ఎక్కువ ధర కట్టినట్టు అయింది. దాంతో మంచి వెండి దేశం దాటిపోయింది. బ్రిటన్ ఎవరూ పెద్దగా సంకల్పించకుండానే బంగారు దేశమైంది, 1816లో చట్టపరంగా కూడా దాన్ని ఒప్పుకుంది.

మిగతా ప్రపంచాన్ని వెండితో కట్టి ఉంచింది ఫ్రాన్స్. 1803 చట్టం ప్రకారం అక్కడ 15.5 పాళ్ల వెండి ఒక పాలు బంగారానికి సమానం. ఆ రేటుకు ఎవరు ఏ లోహం తెచ్చినా టంకశాల నాణెంగా మార్చి ఇచ్చేది. అందుకే కాలిఫోర్నియాలో బంగారం విరివిగా దొరికినా, నెవాడాలో 1859లో కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడినా, ప్రపంచ బజారులో నిష్పత్తి ఏడు దశాబ్దాల పాటు 15.5 దగ్గరే తిరిగింది.

ఆ కట్టు 1870లలో తెగింది. ఫ్రాన్స్‌పై యుద్ధం గెలిచిన జర్మనీ 1871–73లో బంగారు మార్క్‌కు మారి, పాత వెండి నాణేలను అమ్మడం మొదలుపెట్టింది. ఆ వెండి అంతా తన టంకశాలలకే వస్తుందని ఫ్రాన్స్, దాని భాగస్వామ్య దేశాలు భయపడి మొదట పరిమితి పెట్టాయి, తర్వాత స్వేచ్ఛగా వెండి ముద్రించడం ఆపేశాయి. అమెరికా 1873 నాణేల చట్టంలో వెండి డాలర్‌ను వదిలేసింది. పెద్ద కొనుగోలుదారులు ఒకరి తర్వాత ఒకరు కొనడం ఆపేశారు, కొందరు అమ్మకందారులయ్యారు. ఔన్సు (సుమారు 31 గ్రాములు) వెండి 1872లో సుమారు 1.32 డాలర్లు ఉంటే 1894 నాటికి 64 సెంట్ల దగ్గరికి వచ్చింది. బంగారంతో నిష్పత్తి 32 దాటింది. భూమిలో వెండి ఉన్నట్టుండి రెట్టింపు కాలేదు. కొత్త గనుల ఉత్పత్తి పెరిగిన మాట నిజమే కానీ, ఇంత పతనానికి అసలు కారణం ప్రభుత్వాలు తలుపులు మూయడం.

ఇక్కడ నష్టపోయినవాళ్ల గురించి చెప్పుకోవాలి. అమెరికాలో పంట ధరలు పడిపోయి అప్పుల్లో చిక్కుకున్న రైతులు వెండిని మళ్లీ డబ్బుగా చేయమని పోరాడారు. 1873 చట్టాన్ని నేరం అన్నారు. 1896 అధ్యక్ష ఎన్నికల్లో విలియం జెన్నింగ్స్ బ్రయాన్ 16కు 1 నిష్పత్తితో వెండి ముద్రణ తన ప్రధాన నినాదంగా పోటీ చేసి ఓడిపోయాడు. 1900లో ఆ దేశం అధికారికంగా బంగారు ప్రమాణానికి, అంటే డబ్బు విలువను బంగారం లెక్కనే కట్టే పద్ధతికి, కట్టుబడింది. వెండి ప్రమాణం మీద ఉన్న దేశాల పరిస్థితి ఇంకో రకం. బ్రిటిష్ ఇండియాలో రూపాయి వెండి కావడంతో, ప్రపంచంలో వెండి పడుతున్న కొద్దీ దాని మారకం విలువ పడిపోయింది. లండన్‌కు బంగారం లెక్కన చెల్లింపులు చేయాల్సిన వలస ప్రభుత్వం మీద ఆ భారం పెరుగుతూ వచ్చింది. 1893లో టంకశాలల్లో ప్రజల వెండిని నాణేలుగా మార్చడం నిలిపేశారు. ఆ నిర్ణయంతో నాణెం విలువకూ, అందులోని వెండి విలువకూ సంబంధం తెగింది. ఇంట్లో దాచుకున్న వెండి సరుకు మాత్రమే అయింది.

చివరి పెద్ద వెండి దేశం చైనా. 1934లో అమెరికా తన గనుల రాష్ట్రాలకు మేలు చేయడానికి వెండి కొనుగోలు చట్టం చేసి ధర పెంచింది. ధర పెరగడంతో చైనా నుంచి వెండి వరదలా బయటకు పోయింది. అక్కడ డబ్బుకు కరువొచ్చి, ధరలు పడి, వ్యాపారాలు మూతపడ్డాయి. 1935 నవంబర్‌లో చైనా వెండి ప్రమాణాన్ని వదిలేసింది. వెండికి సాయం చేద్దామని చేసిన చట్టమే దానికి మిగిలిన అతిపెద్ద ద్రవ్య వ్యవస్థను కూల్చింది.

ఆ తర్వాత అమెరికా ఖజానాలో పేరుకుపోయిన వెండికి ఊహించని పని ఒకటి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం యురేనియం వేరుచేసే విద్యుదయస్కాంతాలకు రాగి కొరత వచ్చింది. విద్యుత్ ప్రవాహంలో వెండి రాగి కన్నా మెరుగైనది. అందుకని ఓక్ రిడ్జ్ కేంద్రానికి ఖజానా నుంచి 13 వేల టన్నులకు పైగా వెండిని అరువు ఇచ్చారు. అందులో చివరి భాగం 1970లో తిరిగొచ్చింది. నాణెంగా కూర్చున్న లోహం తీగగా మారి పని చేయడంలో, తర్వాతి కాలం ఎటు పోతుందో ముందే కనిపించింది. 1965లో అమెరికా పది సెంట్లు, పాతిక సెంట్ల నాణేల్లోంచి వెండి తీసేసింది. లోహం విలువ నాణెం ముఖవిలువను దాటిపోతోందని భయం. 1968 జూన్‌తో వెండి ఇస్తామని హామీ ఉన్న నోట్లకు బదులు వెండి ఇవ్వడం కూడా ఆగిపోయింది.

ఇప్పుడు ధరను ఎవరు నడిపిస్తున్నారు?

అన్ని లోహాల్లోకీ విద్యుత్తునూ, వేడినీ బాగా ప్రసరింపజేసేది వెండే. వెలుగును అద్దంలా తిప్పికొట్టడంలోనూ అదే ముందు. స్విచ్‌లు, సర్క్యూట్లు, కార్ల ఎలక్ట్రానిక్స్, సోల్డర్, అద్దాలు, వైద్య పరికరాలు అన్నిటిలోనూ కొద్ది కొద్దిగా ఉంటుంది. ఒకప్పుడు ఫోటో ఫిల్ముకు చాలా వెండి పోయేది. డిజిటల్ కెమెరాలు రావడంతో ఆ డిమాండ్ కూలిపోయింది. తర్వాత సౌర ఫలకాలు ఆ ఖాళీని నింపి ఇంకా ముందుకు పోయాయి. సిలికాన్ సెల్ మీద కనిపించే సన్నటి గీతలు వెండి పేస్టుతో వేసినవే. ఇప్పుడు ఏటా అమ్ముడుపోయే వెండిలో సగానికి పైగా పరిశ్రమలకే పోతోంది.

సరఫరా వైపు వెండికి ఒక విచిత్రమైన స్థితి ఉంది. కేవలం వెండి కోసం తవ్వే గనులు తక్కువ. ఏటా గనుల నుంచి వచ్చే సుమారు 25 వేల టన్నుల్లో పెద్ద భాగం సీసం, జింక్, రాగి, బంగారం గనుల్లో ఉప ఉత్పత్తిగా వస్తుంది. మెక్సికో, చైనా, పెరూ ముందు వరుసలో ఉన్నాయి. రాగి గని యజమాని రాగి ధర చూసి తవ్వుతాడు, వెండి ధర చూసి కాదు. కాబట్టి వెండి ధర రెట్టింపైనా ఉత్పత్తి వెంటనే పెరగదు. ఇటు ఫ్యాక్టరీలు కూడా వెంటనే వాడకం తగ్గించవు. ఒక యంత్రంలో వెండి ఖర్చు చిన్న భాగమే కాబట్టి, ధర పెరిగినా కొన్నాళ్లు భరిస్తాయి. వచ్చేదీ మారక, పోయేదీ మారక, లోటు గానీ మిగులు గానీ పడితే ఆ ఒత్తిడి మొత్తం ధర మీదే పడుతుంది. ఎంత ధరకైనా కొంటాననో, ఎంతకైనా వదిలించుకుంటాననో అనగలిగేవాడు మదుపరి ఒక్కడే. మార్కెట్ పరిమాణం బంగారంతో పోలిస్తే చాలా చిన్నది. మధ్యస్థంగా డబ్బు వచ్చిపడినా ధర ఎగిరిపోతుంది, పోయినా అలాగే కుప్పకూలుతుంది.

2021 నుంచి ఏటా వాడకం ఉత్పత్తిని మించిపోతోందని పరిశ్రమ సంఘాల లెక్కలు చెబుతున్నాయి. ఈ లోటును పాత నిల్వలు పూడుస్తున్నాయి. బంగారం ఎక్కడికి పోయినా కడ్డీగానో నగగానో మిగులుతుంది. వెండి మాత్రం లక్షల పరికరాల్లో మిల్లీగ్రాముల లెక్కన చెదిరిపోయి, వెనక్కి తీయడానికి గిట్టుబాటు కాదు. 2025 అక్టోబర్‌లో లండన్‌లో చేతికి అందే కడ్డీలు తగ్గి, అరువు వెండి మీద వడ్డీ ఒక్కసారిగా చుక్కలనంటింది. ధర 1980 నాటి 50 డాలర్ల రికార్డును దాటింది.

1980: ఇద్దరు సోదరులు

ఆ పాత రికార్డు కథ తెలుసుకోకుండా వెండిలో డబ్బు పెట్టకూడదు. టెక్సస్ చమురు కుటుంబానికి చెందిన నెల్సన్ బంకర్ హంట్, విలియం హెర్బర్ట్ హంట్ 1970లలో నోట్ల మీద నమ్మకం పోయి వెండి కొనడం మొదలుపెట్టారు. ఫ్యూచర్స్ ఒప్పందాలు (ముందు తేదీకి అందే సరుకుకు ఇప్పుడే ధర ఖాయం చేసుకునేవి) కొని, గడువు రాగానే డబ్బు కాకుండా లోహాన్నే తీసుకున్నారు. చేతికి వచ్చిన వెండిని తాకట్టు పెట్టి ఇంకా కొన్నారు. 1979 మొదట్లో ఔన్సు 6 డాలర్లున్న వెండి 1980 జనవరి మధ్యకు 50 డాలర్లకు చేరింది. జనం ఇళ్లలోని పాత నాణేలు, పాత్రలు తెచ్చి కరిగించడానికి ఇచ్చారు. ధర బాగా పెరిగినప్పుడు ఇళ్లలోంచి ఎంత వెండి బయటకు వస్తుందో సోదరులు సరిగా అంచనా వేయలేదు.

జనవరిలో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ కామెక్స్ పరిమితులు పెట్టింది. నెలాఖరుకు ముందే, కొత్తగా కొనే దారి మూసి పాత ఒప్పందాలు అమ్ముకోవడానికి మాత్రమే అవకాశం ఇచ్చింది. ధర దిగడంతో మార్జిన్, అంటే నష్టానికి హామీగా ఉంచాల్సిన సొమ్ము, కట్టమని బ్రోకర్లు అడిగారు. మార్చి 27న హంట్ సోదరులు కట్టలేకపోయారు. ఆ ఒక్క రోజులో ధర 21 డాలర్ల పై నుంచి 11 డాలర్ల దిగువకు పడింది. బ్రోకరేజ్ సంస్థలు మునిగిపోకుండా 110 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేయాల్సి వచ్చింది. నియమాలను ఆట మధ్యలో మార్చారని హంట్ పక్షం వాదించింది. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. కానీ 1988లో జ్యూరీ వాళ్లు మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకోవడానికి కుట్ర చేశారనే తేల్చింది. అప్పు మీద నడిచే కొనుగోలుకు ఎక్స్ఛేంజ్ నియమాలే ఊపిరి. ఆ నియమాలు కొనేవాడి చేతిలో ఉండవు.

శిఖరం దగ్గర కొన్నవాడి సంగతి ఆలోచించండి. 1990ల మొదట్లో వెండి 4 డాలర్ల కిందికి కూడా పోయింది. ఆ ఏళ్లన్నిటిలో సరుకుల ధరలు పెరుగుతూనే ఉన్నాయి. 2011 ఏప్రిల్‌లో 49 డాలర్ల దాకా వచ్చి మళ్లీ వెనక్కి మళ్లింది. అంకెలో 50 దాటడానికే 45 ఏళ్లు పట్టింది. అమెరికా ద్రవ్యోల్బణం కలుపుకుంటే 1980 జనవరి నాటి 50 డాలర్లు 2025లో సుమారు 200 డాలర్లతో సమానం. ద్రవ్యోల్బణానికి వెండి తిరుగులేని కవచం అనే మాటను ఈ ఒక్క లెక్క చాలావరకు నిలదీస్తుంది. సంక్షోభంలో రక్షణ అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. 2008 మార్చిలో 20 డాలర్లు దాటిన వెండి అక్టోబర్‌కు 9 డాలర్ల దగ్గరికి పడింది. 2020 మార్చిలో 12 డాలర్లకు దిగింది. ఫ్యాక్టరీలు ఆగిపోతాయనే భయం మొదట దెబ్బ కొడుతుంది, కేంద్ర బ్యాంకులు డబ్బు గుమ్మరించాక బంగారం కన్నా వేగంగా లేస్తుంది. రెండుసార్లూ జరిగింది అదే.

నిష్పత్తి మీద నమ్మకం

బంగారం, వెండి నిష్పత్తి చూసి కొనేవాళ్లు చాలామంది. భూమి పైపొరలో బంగారం కన్నా వెండి సుమారు 17 నుంచి 19 రెట్లు ఎక్కువ. గనుల నుంచి ఏటా వచ్చేది మాత్రం ఏడెనిమిది రెట్లే. పాత చట్టాల్లో 15 లేదా 16. మరి బజారులో ఒక్కోసారి 80, 90 దాకా ఎందుకు పోవాలి, ఎప్పటికైనా 16కు రాక తప్పదు అంటారు. 1980 జనవరిలో అది కొద్ది రోజులు 17 దగ్గరికి వచ్చిన మాట నిజమే. 1991లో 100 దగ్గరికి, 2011లో 32 దగ్గరికి, 2020 మార్చిలో 120 పైకి పోయిన మాట కూడా అంతే నిజం. గనుల్లో దొరికే పరిమాణమే ధర నిర్ణయిస్తే చాలా లోహాల ధరలు తలకిందులవ్వాలి. 15.5 నిలబడింది ఫ్రాన్స్ టంకశాల ఆ రేటుకు కొని అమ్మినన్నాళ్లే. ఆ పని చేసే ప్రభుత్వం ఇప్పుడు ఏదీ లేదు. 20వ శతాబ్దపు సగటు 50 లోపే ఉన్నా, అది ధరను వెనక్కి లాగే తాడేమీ కాదు. నిష్పత్తి 100 దాటినప్పుడు కొన్నవాళ్లకు గతంలో లాభాలు వచ్చాయి. అది పనికొచ్చే గమనికే, అంతకు మించి దాన్ని సిద్ధాంతం చేయడం ప్రమాదం.

కొనే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు. నాణేలు, చిన్న కడ్డీలు కొంటే చేతిలో ఉంటాయి. కానీ తయారీ ఖర్చు, పన్నులు, అమ్మేటప్పటి కోత కలిపితే లోహం ధర కన్నా ఎక్కువ కట్టి, తక్కువకు వదులుకోవాలి. ఈ తేడా శాతం బంగారంలో కన్నా వెండిలో బాగా ఎక్కువ. స్థలం సమస్య కూడా చిన్నదేం కాదు. నిష్పత్తి 80 ఉన్నప్పుడు ఒక కిలో బంగారం విలువకు 80 కిలోల వెండి కొనాలి. వెండి సాంద్రత బంగారంలో సగం కన్నా కొంచెమే ఎక్కువ కాబట్టి అది ఆక్రమించే చోటు దాదాపు 147 రెట్లు. కేంద్ర బ్యాంకులు వెండి జోలికి పోకపోవడానికి ఇదీ ఒక కారణం. 2006 నుంచి వచ్చిన ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలా కొని అమ్ముకునే వెండి నిధులు, ఈ ఇబ్బంది తీర్చాయి. వాటికి ఏటా కొంత రుసుము ఉంటుంది, లోహం కస్టోడియన్ (దాన్ని భద్రపరిచే సంస్థ) ఖజానాలో ఉంటుంది. కామెక్స్ ఒప్పందం ఒక్కోటి 5,000 ఔన్సులు. ధర ఒక డాలర్ కదిలితే లాభమో నష్టమో 5,000 డాలర్లు. మార్జిన్ మీద ఆడేవాళ్లకు నిద్ర పట్టని టెన్షన్ అక్కడే. గని కంపెనీల షేర్లు వెండి ధరతో పాటు డీజిల్ ధర, కార్మిక వివాదాలు, ప్రభుత్వ అనుమతులు అన్నిటినీ మోస్తాయి. ఏ రూపంలో కొన్నా లోహం వడ్డీ ఇవ్వదు. అందుకే ద్రవ్యోల్బణం పోగా మిగిలే వడ్డీ రేటు పెరిగిన కాలాల్లో వెండి ఎక్కువగా నీరసిస్తుంది.

పరిశ్రమ డిమాండ్‌ను శాశ్వతం అనుకోవడం కూడా పొరబాటే. సౌర ఫలకాల తయారీదారులు ఒక్కో సెల్‌కు వాడే వెండిని ఏళ్ల తరబడి తగ్గిస్తూ వచ్చారు. మొత్తం వాడకం పెరిగింది ఫలకాల సంఖ్య అంతకన్నా వేగంగా పెరగడం వల్లే. ధర మరీ పెరిగితే వెండి బదులు రాగి వాడే పద్ధతులకు పెట్టుబడి సమకూరుతుంది. ఫోటో ఫిల్ముకు పట్టిన గతి ఇక్కడ పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రభుత్వాలు మళ్లీ వెండిని డబ్బుగా చేస్తాయా అని అడిగేవాళ్లకు ఒక చిన్న ప్రయోగం ఇప్పటికే ఉంది. 2011లో అమెరికాలోని యూటా రాష్ట్రం బంగారు, వెండి నాణేలను చట్టబద్ధమైన డబ్బుగా గుర్తించింది. కానీ 1986 నుంచి అమెరికా టంకశాల అమ్ముతున్న ఒక ఔన్సు వెండి నాణెం ముఖవిలువ ఒక్క డాలరే. అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన లోహాన్ని కూరగాయల దుకాణంలో ఎవరూ ఇవ్వరు. మంచి లోహాన్ని దాచుకుని నాసి డబ్బును ఖర్చుపెట్టే పాత అలవాటు చట్టం మార్చినా మారలేదు. అదే దేశం 2025 నవంబర్‌లో వెండిని తన కీలక ఖనిజాల జాబితాలో చేర్చింది. 1873లో డబ్బు ప్రమాణంగా వదిలేసిన లోహాన్ని ఇప్పుడు రాగి, లిథియం పక్కన, సరఫరా ఆగితే పరిశ్రమలు దెబ్బతినే వస్తువుగా చూస్తున్నారు. ఇకపై వెండి ధర అంచనా వేసేవాళ్లు టంకశాలల నిర్ణయాల కన్నా జింక్, రాగి గనుల విస్తరణ పథకాలనూ, లండన్, న్యూయార్క్ ఖజానాల్లోని కడ్డీల లెక్కనూ, సెల్‌కు ఎన్ని మిల్లీగ్రాముల వెండి పడుతోందన్న అంకెనూ ఎక్కువగా చూడాల్సి ఉంటుంది.